మొదటి ఏడాది సైకియాట్రీ పీజీ: ప్రతి వార్డు నుంచీ "ఇది మీ కేసే" అని కాల్. మీ దగ్గరా ఇంతేనా?

ఓరుగల్లు_పీజీ
ఎండీ సైకియాట్రీ మొదటి ఏడాది, వరంగల్ వైపే. ఆసుపత్రి పేరు రాయను, అడగొద్దు. రోగి వివరాలు కూడా కొన్ని మార్చాను.

రాత్రి డ్యూటీలో ఎముకల వార్డు నుంచి కాల్ వచ్చింది. "పేషెంట్ గోల చేస్తున్నాడు, సైకోసిస్, మీ వార్డుకు తీసుకెళ్లండి." వెళ్లి చూస్తే యాభై దాటిన మనిషి, కాలు విరిగి చేరాడు, అది మూడో రోజు. చేతులు వణుకుతున్నాయి, చొక్కా చెమటతో తడిసిపోయింది. దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని ఒక్కొక్కటే ఏరి పారేస్తున్నాడు. ఎక్కడున్నావని అడిగితే నర్సంపేట బస్టాండ్ అన్నాడు. భార్యను పక్కకు పిలిచి అడిగితే, రోజూ తాగుతాడని, కాలు విరిగిన రోజు నుంచే ఆగిందని చెప్పింది. చేర్చుకునేటప్పుడు ఆ మాట ఎవరూ అడగలేదట.

మద్యం ఒక్కసారిగా ఆగితే వచ్చే డెలీరియం ట్రెమెన్స్ అది. లోరాజెపామ్ అనే మత్తుమందు, థయమిన్ అనే బి1 విటమిన్, సెలైన్ పెట్టి, బీపీ, పల్స్ దగ్గరుండి చూడాలి. మా వార్డులో మానిటర్ లేదు. అక్కడికి మార్చితే ప్రాణం మీదికొస్తుందని నేను, ఈ అరుపులతో మిగతా వాళ్లకు నిద్ర లేదని వాళ్లు. తెల్లారేదాకా ఆ మంచం దగ్గరే ఉన్నాను. మనిషి కోలుకున్నాడు. కానీ ఇలాంటి కాల్స్ ఆగడం లేదు. స్కాన్ నార్మల్, రక్తపరీక్ష నార్మల్ అయితే చాలు, "మీ కేసే" అంటున్నారు. మీరైతే ఎలా చెప్పి ఒప్పిస్తారు?

ఇంకోటి. ఇంట్లో చుట్టాలంతా "ఇంత చదివి పిచ్చి డాక్టర్ అవుతావా" అంటున్నారు. దానికీ జవాబు దొరకడం లేదు.

కాజీపేట_జంక్షన్
ముందు చిన్న సంగతికి జవాబు. సైకియాట్రీ తీసుకున్న మా చెల్లిని మా పెద్దనాన్న కూడా ఇదే మాట అన్నాడు. ఇప్పుడు నిద్ర పట్టడం లేదని రాత్రి పదింటికి ఆమెకే ఫోన్ చేస్తాడు. కొన్నాళ్లు ఓపిక పట్టండి.

మెడిసిన్_రెండో_ఏడు
మా వైపు మాట కూడా వినాలి. క్యాజువాలిటీలో పాము కాటు, పక్షవాతం, పురుగుల మందు, డెంగీ అన్నీ ఒకే రాత్రి వస్తాయి. మంచాలు చాలక కింద పరుపులు వేస్తాం. ఒక మనిషి సెలైన్ పీకేసి పక్క పేషెంట్ మీద పడుతుంటే నేను ఎవరిని పిలవాలి? పైగా మీ వాళ్లు కొందరు వచ్చి "డెలీరియం, మెడిసిన్ ఒపీనియన్" అని రెండు ముక్కలు రాసి వెళ్లిపోతారు. ఒంట్లో ఏదో చెడి మతి తప్పడమే కదా డెలీరియం, ఆ కారణం వెతికేది మళ్లీ మేమే. మీరు తెల్లవార్లూ ఉన్నారు, సంతోషం. అందరూ ఉండరు.

ఓరుగల్లు_పీజీ
మీరన్నది నిజమే, పని ఒత్తిడి నాకు తెలుసు. కానీ "తాగుతాడా, చివరిసారి ఎప్పుడు తాగాడు" అని చేరినప్పుడే అడగడానికి నిమిషం కూడా పట్టదు కదా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఆ ప్రశ్న నేను అడుగుతాను, ప్రతి అడ్మిషన్‌కూ. అతన్ని కాదు, వెంట వచ్చిన ఆడవాళ్లను అడుగుతాను. అతను "అప్పుడప్పుడు" అంటాడు, ఆమె లెక్క చెప్తుంది. సారా, కల్లు, బీరు విడివిడిగా అడగాలి. ఎందుకంటే చాలామందికి కల్లు తాగుడు లెక్కలోకి రాదు.

ఇంకో మాట. ఇలాంటి వాళ్లను మంచానికి కట్టేయడం మొదటి పని కాదు. లైటు పూర్తిగా ఆర్పకూడదు, ఇంటి మనిషి ఒకరు కనపడేటట్టు కూర్చోవాలి, గుంపు ఉండకూడదు. ఏ ఊరు, ఏ పూట, ఎందుకు ఇక్కడున్నాడో మనమే మెల్లగా మళ్లీ మళ్లీ చెప్పాలి. నిజంగా ఎవరికైనా దెబ్బ తగిలే పరిస్థితి వస్తేనే కట్టాలి, అదీ కాసేపే, కేస్‌షీట్‌లో రాసి. గొలుసులు అయితే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పూర్తిగా నిషేధం.

మండువ_మనవడు
సిస్టర్ గారు కల్లు మాట ఎత్తారు కాబట్టి. మా తాత తాళ్లు ఎక్కినవాడు. చెట్టు మీది నుంచి దిగిన కల్లు వేరే, కొన్ని డిపోల్లో అమ్మేది వేరే. గిరాకీకి సరిపడా చెట్లు లేని చోట డయాజెపామ్, ఆల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. అది రోజూ తాగినవాడికి రెండు రోజులు దొరక్కపోతే వణుకు, ఫిట్స్, ఎవరెవరో కనపడటం. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం ఎట్లా వచ్చారో పేపర్లో అందరం చూశాం. అందులో ముసలోళ్లు, ఆడవాళ్లు కూడా ఉన్నారు.

గీత కార్మికుడిని మాత్రం అనకండి. కలిపేవాడు వేరు.

ఓరుగల్లు_పీజీ
ఇది చాలా ఉపయోగపడే మాట అన్నా. అంటే కల్లు తాగే మనిషి నిజానికి మత్తుమాత్రలకు అలవాటు పడి ఉంటాడు, అది అతనికే తెలియదు. డోసు అందాజా వేసేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఎర్రగడ్డ_పాత_బ్యాచ్
తమ్ముడూ, నేను చదువు అయిపోయి ఇప్పుడు కరీంనగర్ వైపు ప్రాక్టీసు చేస్తున్నాను. నీకు పనికొచ్చేవి కొన్ని చెప్తాను.

రిఫరెన్స్ నోట్‌లో "సైకియాట్రీ కాదు" అని ఎప్పుడూ రాయొద్దు. వాళ్లకు అది తప్పించుకోవడంలా కనపడుతుంది. ఏం చూశావో రాయి. హఠాత్తుగా మొదలైందా, పొద్దున బాగుండి రాత్రికి పెరుగుతోందా, వారం రోజుల పేర్లు వెనక నుంచి చెప్పమంటే మధ్యలో తప్పిపోతున్నాడా. ధ్యాస నిలవకపోవడం డెలీరియంలో ముందు దెబ్బతినేది. స్కిజోఫ్రీనియాలో ఎక్కువగా మాటలు వినిపిస్తాయి. చీమలు, పాములు, మనుషులు కళ్ల ముందు కనపడుతున్నాయంటే ముందు ఒంట్లో కారణం వెతకాలి: సోడియం, షుగర్, ఇన్ఫెక్షన్, లివర్, తలకు దెబ్బ, ఆగిపోయిన మద్యం. ఆ లిస్టు నువ్వే రాసి, థయమిన్ గ్లూకోజ్ కంటే ముందు వెళ్లాలని గీత గీసి, ఏ డోసు ఎన్ని గంటలకో స్పష్టంగా పెట్టు. "మా వార్డుకు రాలేడు, కానీ పొద్దున, సాయంత్రం నేను వచ్చి చూస్తాను" అని రాయి. రాసినట్టు వెళ్లు. నెల తిరిగేసరికి ఆ వార్డు పీజీ నీకు సగం రాత్రి కాదు, సాయంత్రమే ఫోన్ చేస్తాడు. నా విషయంలో అదే జరిగింది.

రెండోది. మా ఓపీకి ఒక కుర్రాడిని నలుగురు పట్టుకుని తెచ్చారు. మెడ ఒక పక్కకు మెలి తిరిగింది, కళ్లు పైకి నిలబడ్డాయి, నాలుక బయటికొచ్చింది. ముందు రోజు ఎక్కడో, భ్రమలు తగ్గించే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంటివాళ్లు మాత్రం "సూది పడ్డంక లోపలున్నది కోపానికొచ్చింది" అని మంత్రగాడి దగ్గరికి బయల్దేరారు, దారిలో ఎవరో చెబితే మా దగ్గర ఆగారు. ఫెనర్గన్ ఇంజెక్షన్ ఇచ్చాం. అరగంట లోపే మెడ నిటారుగా వచ్చింది. హాలోపెరిడాల్‌కు కొందరికి, ముఖ్యంగా వయసులో ఉన్న మగపిల్లలకు, కండరాలు అలా పట్టేస్తాయి, దానికి విరుగుడు ఉంది. ఆ సంగతి సూది వేసేటప్పుడే చెప్పి ఉంటే వాళ్లు అంత భయపడేవాళ్లు కాదు. కాబట్టి మందు రాసిన ప్రతిసారీ ఏం జరగొచ్చో, జరిగితే ఎక్కడికి రావాలో ఇంటివాళ్ల భాషలో చెప్పు. సైకియాట్రీలో సగం వైద్యం అదే అని నా నమ్మకం.

లక్నవరం_గాలి
ఆ మంత్రగాళ్లను, దర్గాలను, గుళ్లను అన్నింటినీ మూసేయాలి. 2001లో తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో చనిపోయారు. ఇంకా మనం "నమ్మకం" అని మర్యాద ఇవ్వడం ఏమిటి?

పరకాల_అక్క
లక్నవరం_గాలి గారు, ఎర్వాడి మాట నిజమే, అక్కడ జరిగింది ఘోరం. కానీ ఆ దర్గాల ముందు కూర్చునే వాళ్లలో మేమూ ఉన్నాం, మా సంగతి కూడా వినండి.

మా తమ్ముడికి ఇంటర్ అయ్యాక మొదలైంది. ఒక్కడే మాట్లాడుకోవడం, టీవీలో నా గురించే చెప్తున్నారని కేబుల్ వైరు కోసేయడం. మా నాన్న ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లాడు, బలం సూదులు వేశాడు. తర్వాత అన్నారం దర్గా. తర్వాత కొమురవెల్లి మొక్కు. ఎవరో చేతబడి అన్నారు, పక్కింటి వాళ్లతో మాటలు బంద్ అయ్యాయి. ఆసుపత్రికి పోతే ఊళ్లో పేరు పడుతుంది, నా పెళ్లి ఆగిపోతుంది అని అమ్మ భయం. దర్గాకు పోతే ఆ పేరు పడదు. అక్కడ మమ్మల్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు, అన్నం కూడా పెట్టారు. అందుకే పోయాం, తెలివి లేక కాదు.

చివరికి ఆసుపత్రిలో మాకు దొరికింది మీలాంటి ఒక పీజీ డాక్టరే. అంతకుముందు అందరూ మమ్మల్నే అడిగేవాళ్లు, వాడిని చూసేవాళ్లు కాదు. ఆమె స్టూల్ లాక్కుని వాడి ముందు కూర్చుని "నీకు ఏం వినిపిస్తుంది, ఆడగొంతా మగగొంతా, ఏం చేయమంటుంది" అని అడిగింది. వాడు ఆ గొంతుల గురించి మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకు అంతా చెప్పాడు. మేం ఏడుస్తూ విన్నాం.

ఇప్పుడు మాత్రలు వాడుతున్నాడు. బరువు పెరిగాడు, పొద్దున తొందరగా లేవలేడు, కానీ మా బావ ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాడు. ఆగిపోతుందన్న నా పెళ్లి కూడా అయింది, అన్నీ చెప్పే చేసుకున్నాం.

పీజీలకు ఒకటే విన్నపం. మీరు మారిపోతుంటారు, కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా మేం కథ మొదటి నుంచి చెప్పాలి. ప్రతిసారీ అమ్మ ఆ రోజులన్నీ మళ్లీ అనుభవిస్తుంది. దయచేసి ఫైల్ చదివి పిలవండి.

ఓరుగల్లు_పీజీ
అక్కా, చదివాను. రేపటి నుంచి పాత ఫైళ్లు ముందు తీయించుకుని చూశాకే పిలుస్తాను. రొటేషన్ మారేటప్పుడు తర్వాతి వాళ్లకు ఒక పేజీ రాసి పెట్టమని మా బ్యాచ్‌లో కూడా చెప్తాను.

లక్నవరం_గాలి
పరకాల అక్క గారు, మీ మాట అర్థమైంది. దర్గాలకు పోయినవాళ్లను అనడం లేదు. గొలుసులు వేసేవాళ్ల మీద, డబ్బు గుంజేవాళ్ల మీద కోపం. అది తగ్గదు.

ఎర్రగడ్డ_పాత_బ్యాచ్
గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా దగ్గర "దవా దువా", అంటే మందు, ప్రార్థన రెండూ, అని ఒక పద్ధతి నడిపారు. దర్గాలో ప్రార్థన ఆపరు, అక్కడ సేవ చూసే ముజావర్లే జబ్బు గుర్తుపట్టి పక్కనే ఉన్న సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు. మూసేయడం కంటే ఇది ఎక్కువమందికి చేరుతుంది. మన దగ్గర కూడా ఎవరైనా మొదలుపెడితే నేను ఆదివారాలు వెళ్లి కూర్చుంటాను, రాతపూర్వకంగా చెప్తున్నా.

ఐనవోలు_దారి
ఒక చిన్న జాగ్రత్త. మా ఊరి జాతరలో శివసత్తులకు పూనకం వస్తుంది. జాతర అయ్యాక ఇంటికి పోయి వంట చేసుకుంటారు, నాటు వేయడానికి పోతారు. దాన్ని కూడా జబ్బు అనకండి.

ఓరుగల్లు_పీజీ
అనము. పుస్తకాల్లోనే ఉంది, ఆచారంలో భాగంగా వచ్చి, మనిషికి బాధ గానీ పనికి అడ్డం గానీ కాకపోతే అది రోగం కాదు. జాతర లేని రోజు, ఇష్టం లేకుండా, మళ్లీ మళ్లీ వచ్చి ఇల్లు గడవకపోతే అప్పుడు మాట్లాడాలి.

హౌస్‌సర్జన్_బ్యాచ్
నాకు వచ్చే నెల సైకియాట్రీ పోస్టింగ్, రెండు వారాలే. ఫ్రెండ్స్ అంతా "నీట్ పీజీ చదువుకో, అక్కడ పనుండదు" అంటున్నారు. నిజమా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఆ రెండు వారాలు పుస్తకం పక్కన పెట్టు నాన్నా. రేపు నువ్వు ఏ పీహెచ్‌సీలో పడ్డా నిద్ర లేనివాళ్లు, తాగుడు మానలేనివాళ్లు, ఏడ్చే బాలింతలు నీ దగ్గరికే వస్తారు.

ఎర్రగడ్డ_పాత_బ్యాచ్
ఒక్క కొత్త కేసైనా మొదటి నుంచి చివరిదాకా నువ్వే కూర్చుని వినాలి, నువ్వే రాయాలి. అది చాలు.

మిర్చి_యార్డు
అడగాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. మా చిన్నాన్న పత్తి పోయి, అప్పుల టెన్షన్‌లో పురుగుల మందు తాగాడు. దేవుడి దయ, బతికాడు. ఐసీయూ నుంచి వార్డుకు రాగానే సైకియాట్రీ డాక్టర్ వచ్చి మాట్లాడాడు. చిన్నమ్మకు అది అవమానంగా అనిపించింది, "పిచ్చోడు అనుకుంటున్నరా" అని గొడవ పెట్టుకుంది. ఆయన మళ్లీ రాలేదు. ఇప్పుడు ఇంటికి వచ్చాడు కానీ ఎవరితో మాట్లాడడం లేదు. పోలీసు కేసు ఏమైనా ఉంటుందా? మేమేం చేయాలి?

ఓరుగల్లు_పీజీ
మిర్చి_యార్డు గారు, అడిగి మంచి పని చేశారు.

కేసు గురించి భయం వద్దు. ఆసుపత్రిలో మెడికో లీగల్ అని రాసి పోలీసులకు చెప్పడం పద్ధతి, అంతే. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు. అతనికి చికిత్స, అండ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని కూడా అందులోనే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరం అన్న పాత ఐపీసీ 309 సెక్షన్ లేదు.

ఇప్పుడు ఇంట్లో. మళ్లీ ఆ ఆలోచన వస్తుందా అని ఆయన్ను నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందని భయపడతారు, అలా జరగదు. ఎవరో ఒకరు అడిగినందుకే కొందరు బయటపడతారు. పురుగుల మందు డబ్బాలు ఇంట్లో ఒక్కటి కూడా ఉంచొద్దు, కొన్నాళ్లు వేరేవాళ్ల దగ్గర తాళం వేసి పెట్టండి. ఇలాంటివి చాలాసార్లు ఒక్క గడియలో జరిగిపోతాయి, ఆ గడియలో చేతికి అందకపోతే మనిషి మిగులుతాడు. ఒంటరిగా వదలకండి. ఈ వారంలోనే దగ్గరి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. డిప్రెషన్ మాత్రలు రాస్తే పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పదో రోజే "గుణం లేదు" అని ఆపొద్దు.

రాత్రి పూట ఏదైనా అనిపిస్తే టెలీ మానస్, 14416. ఖర్చు లేదు, ఏ వేళైనా, తెలుగులో మాట్లాడతారు. ఆయనే కాదు, మీరూ చేయొచ్చు, చిన్నమ్మ కూడా.

మిర్చి_యార్డు
డబ్బాలు ఇవాళే మా మామ వాళ్ల కొట్టంలో పెట్టించాను. చిన్నమ్మతో నేను మాట్లాడతాను.

మెడిసిన్_రెండో_ఏడు
మిర్చి_యార్డు అన్నా, చెకప్ రోజు మెడిసిన్ ఓపీకి వచ్చినప్పుడే సైకియాట్రీకి కూడా చూపిస్తే ఇంటివాళ్లకు వేరేగా అనిపించదు. మా వార్డులో నేను ఇప్పుడు అలాగే చెప్తున్నాను: "కడుపు, లివర్, మనసు, మూడూ చూసి పంపుతాం" అని. గొడవలు తగ్గాయి.

ఓరుగల్లు_పీజీ
ఇది మా ఓపీలో కూడా వాడుకుంటాను.

గోదావరిఖని_రెండో_షిఫ్ట్
మా అమ్మకు కరెంట్ ట్రీట్‌మెంట్ ఇస్తామన్నారు. సినిమాల్లో చూసిందే గుర్తొచ్చి సంతకం పెట్టలేదు. తప్పనిసరా?

ఎర్రగడ్డ_పాత_బ్యాచ్
ఈసీటీ గురించి సినిమాల్లో చూపించేది ఇప్పుడు చట్టవిరుద్ధం. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా చేయకూడదని 2017 చట్టంలో రాసి ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకైతే సంరక్షకుల ఒప్పుకోలుతో పాటు ఆ చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి కూడా ఉండాలి. తిండి, నీళ్లు మానేసిన డిప్రెషన్‌లో, చనిపోవాలనే ఆలోచన బలంగా ఉన్నప్పుడు మాత్రల కంటే తొందరగా పనిచేస్తుంది. ఆ రోజు తలనొప్పి, కొన్నాళ్లు మతిమరుపు ఉండొచ్చు. ఎందుకు కావాలంటున్నారో, వేరే దారి ఉందో లేదో ఆ డాక్టర్ని కూర్చోబెట్టి అడగండి. అడగడం మీ హక్కు.

కాజీపేట_జంక్షన్
ఓరుగల్లు_పీజీ, ఇవన్నీ రోజూ విని నువ్వు ఇంటికెళ్లి ఎలా నిద్రపోతున్నావు? మా చెల్లి మొదటి ఏడాది అన్నం సరిగ్గా తినలేదు.

ఓరుగల్లు_పీజీ
కొన్ని రాత్రులు పట్టదు. ఒక పేషెంట్ చెప్పిన మాట బండి నడుపుతుంటే కూడా చెవిలో ఉంటుంది. మా యూనిట్‌లో ఒక మేడమ్ ఉన్నారు, డ్యూటీ అయ్యాక ఆ రోజు బరువుగా అనిపించిన కేసు ఏదో చెప్పి వెళ్లమంటారు. చెప్పాక కాస్త తేలికవుతుంది. ఆమె లేని పీజీలు ఏం చేస్తున్నారో అని బాధ.

ఎర్రగడ్డ_పాత_బ్యాచ్
అలాంటివాళ్లు లేకపోతే నాకు మెసేజ్ పెట్టమను. నిజంగానే అంటున్నా. మనకు నిద్ర, ఆకలి పోయి రెండు వారాలు దాటితే మనమూ ఓపీ చీటీ రాయించుకోవాలి.

పాలకుర్తి_బడి
ఆలస్యంగా చూశాను. మా అమ్మకు బైపోలార్, అంటే కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు దిగులు. లిథియం మాత్రల మీద చాలా ఏళ్లుగా బాగుంది. ఎండల్లో మిర్చి ఏరడానికి పోతుంది, వద్దంటే వినదు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంటుంది. ఏమైనా ఇబ్బందా?

ఓరుగల్లు_పీజీ
ఆ నొప్పి మాత్రలే అసలు ఇబ్బంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి రక్తంలో లిథియం పెంచుతాయి. పారాసిటమాల్ వాడొచ్చు. బీపీకి కొత్త మాత్ర ఎవరు రాసినా లిథియం సంగతి ముందే చెప్పాలి. పనికి పోతే నీళ్లు, మజ్జిగ బాగా తాగాలి, ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది కనిపించినా ఆ పూట మాత్ర ఆపి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. లిథియం పరీక్షకు రక్తం చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఆరు నెలలకోసారి. చివరిసారి ఎప్పుడు చేయించారు?

పాలకుర్తి_బడి
కరోనా కంటే ముందు.

ఓరుగల్లు_పీజీ
అయితే ఈ వారమే చేయించండి. పాత చీటీలు ఏవి ఉంటే అవి తీసుకెళ్లండి, ఆ నొప్పి మాత్రల అట్ట కూడా.